రెండు రాళ్ల సంచితో తిరిగిన మేష్ట్రు

మునివెంకటప్ప మేష్ట్రు ఇక లేరు. ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు పదిహేను రోజులు పట్టింది.

ఆ సోమవారం ఉదయం తొమ్మిదో తరగతి గదిలో నల్లబల్ల మీద తేదీ వేస్తుండగా నా ఫోను మోగింది. క్లాసులో ఫోను తీయకూడదని పిల్లలకు రోజూ చెప్పేదాన్ని నేనే. అయినా మేష్ట్రుగారి ఇంటి నంబరు చూసి తీశాను. అవతల ఆయన భార్య నాగమ్మగారు. గొంతులో ఏడుపు లేదు, ఆశ్చర్యం ఉంది.

"మీ సారు పోయినాడమ్మా సరోజా. పొద్దున కాఫీ తాగి, చెప్పులు వేసుకునేదానికి వంగినాడు. ఇంగ లేయలే."

"యాడికి బయల్దేరినారమ్మా?" అని అడిగాను. ఆ వేళ ఎవరైనా అడగవలసిన ప్రశ్న కాదది. నాకు మాత్రం జవాబు ముందే తెలుసు.

"సుగటూరికి. సంచి ఇంగా బుజానే ఉండాది."

ఇలాంటి వార్తను అశనిపాతం అని వర్ణిస్తారు పెద్దలు. నాకైతే పిడుగు పడ్డట్టు అనిపించలేదు. ముందు కోపం వచ్చింది. ఆయన కలవవలసిన వారి జాబితాలో ఒక్క పేరు, అన్నిటికన్నా ముఖ్యమైన పేరు, మిగిలే ఉంది. ఆ ఒక్కటీ చూసుకోకుండా ఎలా వెళ్లిపోతారు? కన్నీళ్లు తరువాత వచ్చాయి, పిల్లల ముందే వచ్చాయి.

మేష్ట్రుగారి తండ్రి చిత్తూరు వైపు పల్లె నుంచి కోలారు బంగారు గనుల్లో పనికి వచ్చిన మనిషి. షిఫ్టు దిగి ఇంటికి వచ్చేటప్పుడు కొడుకు కోసం క్యారియర్ అడుగు గిన్నెలో ఒక రాయి ముక్క తెచ్చేవాడట. గేటు దగ్గర సోదా చేసేవాళ్లు అందులో బంగారం లేదని చూసి నవ్వి వదిలేసేవారట. ఆ రాళ్లే కార్మికుల లైన్ ఇంట్లో ఆ బాలుడికి ఆటవస్తువులు, తరువాత విద్య, చివరకు వృత్తి. కేజీఎఫ్‌లోని మా ఉన్నత పాఠశాలలో ఆయన పదవీ విరమణ దాకా సైన్సు చెప్పారు. పాఠం కన్నడంలో చెప్పి, తిట్టేటప్పుడు మాత్రం తెలుగులోకి వచ్చేవారు. అందువల్ల మాకు తెలుగు బాగా వచ్చింది.

ఆయన బల్ల మీద ఎప్పుడూ రెండు రాతి దిమ్మెలు ఉండేవి. ఒకే కొలతకు చెక్కించినవి, అరచేతిలో పట్టేవి. ఒకటి గ్రానైట్: బూడిదవన్నె, అక్కడక్కడ గులాబీ చాయ, కంటికి ఆనే పెద్ద గింజలు, మధ్య మధ్య తళుక్కుమనే అభ్రకం. రెండోది డోలరైట్: నలుపు, గింజ కనపడనంత సన్నం. రెండూ అగ్నిశిలలే, రెండూ మా జిల్లాలో అడుగడుగునా దొరికేవే. "రాయి మొహం చూసి నమ్మొద్దు. పైన ఎండకూ వానకూ అన్నీ ఒకే రంగుకు వస్తాయి. పగలగొట్టు, లోపల చూడు" అనేవారు. సుత్తి లేకుండా ఆయన సైన్సు లేదు.

అగ్నిశిలల పాఠం రోజు ఆయన కాగితం పొట్లంలో కలకండా, అంటే పటికబెల్లం పలుకులూ, చక్కెరా తెచ్చేవారు. "చూడండ్రా, రెండిటికీ పాకం ఒకటే. నిదానంగా ఆరినదానికి గింజ పెద్దదాయె, బిరాన ఆరినదానికి గింజ సన్నమాయె. ఈ రెండు రాళ్లూ అంతే. లోతులో నిదానంగా ఆరింది గ్రానైటు, పైకొచ్చి బిరాన ఆరింది డోలరైటు. ఒకే తల్లి బిడ్డలు." పాఠం అయ్యాక కలకండ మాకు పంచేవారు. నోట్లో తీపి ఉండగా విన్న మాట ఎవరు మరచిపోతారు? ముప్పై అయిదేళ్ల తరువాత కూడా ఆ పాఠం మాలో ఎవరినడిగినా చెబుతారు. సరిగ్గా అక్కడే వచ్చింది చిక్కు.

మా తరగతిలో రత్నమ్మ అనే పిల్ల ఉండేది. వాళ్లమ్మ లైన్ చివర చిన్న అంగడి నడిపేది. ఆ రోజు రత్నమ్మ రెండు దిమ్మెలనూ రెండు చేతుల్లో ఎత్తి పట్టుకుని లేచి నిలబడింది.

"సార్, పాకం ఒకటే అయితే ఈ నల్లది యాల ఇంత బరువుండాది? కలకండా చక్కెరా అయితే తూకంలో తేడా రాదు కదా సార్?"

మేష్ట్రుగారికి ఆ ప్రశ్న నచ్చలేదు. జవాబు తెలియని ప్రశ్న ఏ అయ్యవారికి నచ్చుతుంది? "నీకు పాఠం కావాల్నా, మీయమ్మ అంగడి తూకం కావాల్నా? నోరు మూసుకొని కూసో" అన్నారు. తరగతి మొత్తం నవ్వింది. ముందు బెంచీలో ఉన్న నేను అందరికన్నా గట్టిగా నవ్వాను. రత్నమ్మ దిమ్మెలు బల్ల మీద పెట్టి కూర్చుంది. ఆ ఏడాది మళ్లీ ఏ ప్రశ్నా అడగలేదు. తరువాతి ఏడు బడికి రాలేదు. మేష్ట్రుగారి మాట వల్లనే మానేసిందని నేను అనను. గనిపని కుటుంబాల్లో ఆడపిల్లలు బడి మానడానికి కారణాలకేం కొదవ. కానీ ఆయన మాత్రం తన మాట వల్లనే అనుకున్నారు. అది తరువాతి కథ.

పదవీ విరమణ అయిన కొన్నేళ్లకు ఆయన ఒక శిష్యుడి పెళ్లికి టేకల్ బయల్దేరారు. దారిలో రోడ్డు వెడల్పు కోసం గుట్టను నిలువునా కోసిన చోట బస్సు చెడిపోయింది. మిగతావాళ్లు డ్రైవర్ను తిడుతుంటే ఈయన కోసిన గుట్ట దగ్గరికి వెళ్లారు. బూడిదవన్నె గ్రానైట్ మధ్యగా ఇంటి వెడల్పున ఒక నల్లని గోడ నిలువుగా దూసుకుపోయి ఉంది. డోలరైటే. పక్కల గ్రానైట్‌ను తాకే అంచున గింజ కాటుకంత మెత్తన. అంచున బిరాన ఆరింది కాబట్టి అది సరే. నడుమకు పోయేకొద్దీ గింజ పెద్దదవుతూ ఉలవ గింజంత అయింది. నిదానంగా ఆరింది కాబట్టి అదీ సరే. అయినా అది నల్లగానే ఉంది. ముక్క ఎత్తితే బరువుగానే ఉంది. నిదానంగా ఆరినంత మాత్రాన అది గ్రానైట్ కాలేదు.

"ఆడ కూసొని చూస్తా చూస్తా ఉంటే, రత్నమ్మ గొంతు వినపడినట్లాయె సరోజా" అని తరువాత నాతో చెప్పారు. ఆయన పెళ్లికి వెళ్లలేదు. తిరుగు బస్సెక్కి నేరుగా కోలారులో ఒక కాలేజీ అధ్యాపకుడి ఇంటి తలుపు తట్టారు. పాత పుస్తకాలూ కొత్త పుస్తకాలూ తెచ్చుకుని వారమంతా చదివారు. తేలిందేమిటంటే ఆయన చెప్పినదాంట్లో సగం నిజం, సగం అబద్ధం. చల్లారిన వేగం గింజ సైజును నిర్ణయిస్తుంది, అది నిజం. కానీ ఈ రెండు రాళ్ల పాకం ఒకటి కాదు. గ్రానైట్ భూపటలంలోనే, లోతున, పాత శిలలు కరిగి పుట్టిన చిక్కటి ద్రవం. తేలికైన, లేతరంగు ఖనిజాలు దానిలో ఎక్కువ. డోలరైట్ అంతకన్నా ఎంతో లోతు నుంచి, భూపటలానికి కింద ఉన్న పొర కరిగి వచ్చినది. ఇనుమూ మెగ్నీషియమూ ఎక్కువ, అందుకే నలుపు, అందుకే బరువు. అప్పటికే చల్లారి గట్టిపడిన గ్రానైట్ పగుళ్లలోకి అది దూరి ఆరిపోయింది. ఒకే తల్లి బిడ్డలు కారు. తల్లులు వేరు, పుట్టిన చోట్లు వేరు, పుట్టిన కాలాలు కూడా వేరు.

రిటైరైన మేష్ట్రు ఇంట్లో కూర్చుని "ఓహో, అట్లనా" అనుకుంటే సరిపోయేది. ఎవరు అడగబోయారు? ఆయన ఒక నోటుపుస్తకం కొని, తాను పాఠం చెప్పిన వాళ్లలో గుర్తున్న పేర్లన్నీ రాసుకున్నారు. రెండు దిమ్మెలనూ గుడ్డసంచిలో వేసుకున్నారు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, తాను చెప్పింది తప్పని చెప్పి, రాళ్లు చేతిలో పెట్టి, పేరు కొట్టేయడం మొదలుపెట్టారు. సత్యనిష్ఠ అనే మాట సంతాప సభల్లో చాలా చవకగా దొరుకుతుంది. నేను చూసిన సత్యనిష్ఠ మాత్రం మోకాళ్ల నొప్పులతో బస్సులెక్కి దిగింది.

మొదట నా బడికే వచ్చారు. మధ్యాహ్నం గంట కొట్టే వేళ గుమ్మంలో నిలబడి అడిగారు.

"సరోజా, నీకు నేను చెప్పిన అగ్నిశిలల పాఠం తప్పు. నువ్వు ఈ బిడ్డలకు చెప్పేసినావా?"

"ప్రతి ఏడూ చెప్తా ఉండాను సార్. కలకండ తెచ్చి మరీ."

ఆయన కళ్లు మూసుకున్నారు. "అయితే నా అబద్ధం నీ కాడ పిల్లలు పెట్టినాది."

విషయం విన్నాక నేను అన్న మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. "పరీక్షలో దాని మీద ఒక్క మార్కే వచ్చేది, పోనీండి సార్" అన్నాను. "మార్కు గురించి చెప్పేదానికి నేను బస్సెక్కి రాలేదు తల్లీ" అని, నన్ను దాటుకుని తరగతిలోకి వెళ్లారు. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లల ముందు నిలబడి, "మీ మేడమ్ది తప్పు లేదు. ఆమెకు తప్పు చెప్పింది నేను" అని మొదలుపెట్టారు. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా పిల్లల ముందు నా పరువు పోయిందని ఆయన మీద ఒళ్లు మండింది. మరుసటి ఏడు కలకండ పొట్లం తెచ్చి, ఆ ఉపమానం ఎక్కడిదాకా సరిపోతుందో చెప్పి, పిల్లల చేతికి నేను చెక్కించుకున్న రెండు దిమ్మెలిచ్చి, బరువు చూడమన్నప్పుడు ఆ మంట చల్లారింది.

కోలారు పక్క నరసాపురంలో ఫ్యాక్టరీ గేటు దగ్గర జరిగింది శంకరే నాకు చెప్పాడు. శంకర్ మా తరువాతి బ్యాచ్ వాడు, అక్కడ ద్విచక్ర వాహనాల కంపెనీలో పని. మొదటి షిఫ్టు దిగే వేళకు మేష్ట్రుగారు గేటు ఎదుట సంచితో నిలబడ్డారు. సెక్యూరిటీ మనిషి సంచి విప్పించి చూసి, "ఏం పెద్దాయనా, రాళ్లు వేసేదానికి వచ్చినావా?" అన్నాడు. "వేసేదానికి కాదప్పా, చూపించేదానికి" అన్నారీయన. శంకర్ పరుగెత్తుకొచ్చి ఆయనను కంపెనీ బస్సెక్కించాడు. పాఠం బస్సులోనే జరిగింది. పక్క సీట్లలో బీహారు, ఒడిశా కుర్రాళ్లు. వాళ్లకు ఈయన మాట తెలియదు, ఈయనకు వాళ్ల మాట తెలియదు. వాళ్ల చేతుల్లో కూడా చెరొక రాయి పెట్టారు. ఎత్తి చూసి వాళ్లూ తల ఊపారట.

శంకర్ మాత్రం నిలదీశాడు. "ఇప్పుడు ఇది తెలిసి నాకేం కావాల సార్? నేను బండ్లకు చక్రాలు బిగిస్తా ఉండాను."

"ఒక చక్రం తప్పు బిగించినారనుకో. బండి అమ్మేసినంక తెలిసింది. మీ కంపెనీ ఏం చేస్తాది?"

"బండ్లను వెనక్కి పిలిపిస్తారు సార్. సరి చేసి ఇస్తారు."

"నేనూ అదే చేస్తా ఉండానప్పా."

ఇలాగని ఆయన లోకాన్నంతా దిద్దడానికి బయల్దేరిన మనిషి కారు. రాళ్ల దుకాణాల్లో నల్ల గ్రానైట్ అని అమ్మేది చాలాచోట్ల ఈ డోలరైటే. ఆ పేరు తప్పని మీరు వాళ్లకెందుకు చెప్పరని నేను ఆటపట్టించాను. "వ్యాపారి పేరు వ్యాపారిది. బడిలో చెప్పింది నాది. నా నోటితో పోయిందాన్నే నేను వెనక్కి తెచ్చుకోవాల" అన్నారు. ఆయన మాటల్లో నేను పటం కట్టి పెట్టుకోదగినది అదే.

ఏళ్ల తరబడి తిరిగారు. పేర్లు కొట్టేస్తూ వచ్చారు. కొందరు కాళ్లకు మొక్కారు, కొందరు మేష్ట్రుకు మతి చలించిందన్నారు, ఒకాయన రాళ్లను చూసి వాస్తు అడిగాడు. ఎవరేమన్నా ఈయన చెప్పవలసింది చెప్పి కానీ లేచేవారు కారు. రత్నమ్మ ఒక్కతే దొరకలేదు. గని మూతబడ్డాక ఆ లైన్ ఇళ్లు చెదిరిపోయాయి. ఆమెను మాలూరు వైపు ఇచ్చారని ఎవరో అంటే పోయి, వేరే రత్నమ్మకు గంటసేపు పాఠం చెప్పి క్షమాపణ కోరారు. ఆమె ఓపిగ్గా విని, మజ్జిగ ఇచ్చి, "నేను బడికే పోలేదు మేష్ట్రూ. అయినా శానా బాగ చెప్పినావు" అందట. ఈ సంగతి చెప్పి చెప్పి ఆయన నవ్వేవారు. నవ్వు ఆగాక మళ్లీ నోటుపుస్తకం తీసేవారు.

చనిపోవడానికి ముందురోజు, ఆదివారం, ఫోను చేశారు. గొంతు కుర్రవాడి గొంతులా ఉంది. "సరోజా, చిక్కినాది. సుగటూరులో ఉండాది, పట్టుపురుగులు మేపుకుంటా. రేపు పోతా ఉండాను."

శనివారం దాకా ఆగమన్నాను. సెలవు పెట్టి నేను తీసుకెళతానన్నాను. డాక్టరు ప్రయాణాలు తగ్గించమన్న సంగతి గుర్తు చేశాను.

"నువ్వొస్తే నువ్వు మాట్లాడతావు. ఆడ మాట్లాడాల్సింది నేను" అని ఫోను పెట్టేశారు. అదే ఆయన నాతో అన్న ఆఖరి మాట.

పదకొండో నాడు కార్యం అయ్యాక నాగమ్మగారు ఆ సంచి తెచ్చి నా ఒళ్లో పెట్టారు. "ఈ రాళ్లు ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదమ్మా. ఆయన పోవాల్సిన చోటికి ఇవన్నా పోనీ" అన్నారు. నేను వెళితే సరిపోదని ఆయనే అన్నారని చెప్పాను. "ఆయన రాలేడు గదమ్మా. ఇంగ నువ్వే" అన్నారామె. మరునాడే సుగటూరు బస్సెక్కాను. మొదటిసారి ఆ సంచి బరువు నా భుజానికి తెలిసింది. ఎనభై ఏళ్ల మనిషి దాన్ని ఇన్నేళ్లు ఎలా మోశారో నాకు అర్థం కాలేదు.

రత్నమ్మ పురుగుల ఇంటి గుమ్మంలో మల్బరీ ఆకు కోస్తూ ఉంది. "చెప్పులు బయటే ఇడువమ్మా, పురుగులకు పడదు" అని, తలెత్తి నన్ను చూసి, "సరోజా? ముందు బెంచీ సరోజా?" అంది. నేను ఆకుల పక్కనే కూర్చుని అంతా చెప్పాను. టేకల్ గుట్ట, నోటుపుస్తకం, వేరే రత్నమ్మ, సోమవారం పొద్దున చెప్పులు. "నువ్వడిగింది సరైన ప్రశ్న, నేను చెప్పింది తప్పు, నిన్ను కూర్చోమన్నది ఇంకా పెద్ద తప్పు" అనేది ఆయన మాటగా చెప్పాను. నేను నవ్వింది తప్పని నా మాటగా చెప్పాను.

ఆమె దిమ్మెలను రెండు చేతుల్లోకి తీసుకుంది, అచ్చం ఆ రోజులాగే.

"ఆ పొద్దు సాయంత్రం ఈ రెండూ ఎవురికీ చెప్పకుండా ఇంటికి తీసకపోయి, మాయమ్మ తక్కెట్లో వేసి చూసినాను సరోజా. నల్లదే కిందికి దిగె. పొద్దున్నే తెచ్చి బల్ల మీద పెట్టేసినాను. నాది తప్పు కాదని నాకు తెలుసు. ఇంగొకరికి తెలుసని మాత్రం తెలీదు." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "సారు వచ్చుంటే బాగుండు."

ఆమె నల్ల దిమ్మెను తిప్పి తిప్పి చూసింది. తరువాత అడిగింది.

"సరే గానీ, ఈ నల్లది అంత లోతు నించి కాగిపోతా పైకి వచ్చె అంటివి కదా. మరి పక్కనుండే తెల్లరాయి కరగదా?"

ఇరవై ఎనిమిదేళ్లుగా సైన్సు చెబుతున్నాను. ఈ ప్రశ్న నాకు తట్టలేదు, నన్నెవరూ అడగలేదు. ఏదో ఒకటి చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. అయ్యవార్లకు అది అలవాటు.

"తెలీదు రత్నమ్మా" అన్నాను.

"సారుకు తెలిసుండునా?"

"తెలీకపోతే పొద్దున్నే బస్సెక్కి పోయి చూసుండు."

ఆమె నవ్వింది. అప్పుడు నేను సంచిలోంచి ఆయన నోటుపుస్తకం తీశాను. కొట్టివేతల నడుమ రత్నమ్మ పేరు ఒక్కటే శుభ్రంగా ఉంది. దాన్ని నేను కొట్టేయలేదు. పక్కన ఆమె ప్రశ్న రాశాను, ఆమె చెప్పిన మాటల్లోనే.

మేష్ట్రుగారి నిర్యాణంతో విద్యాలోకం ఏం కోల్పోయిందో సభల్లో పెద్దలు చెబుతారు. నేను కోల్పోయింది నాకు స్పష్టంగా తెలుసు. ఈ ప్రశ్న పట్టుకుని పరుగెత్తుకుని వెళ్లడానికి జిల్లా మొత్తం మీద నాకు ఒక్క గుమ్మమే ఉండేది. ఆ గుమ్మంలో ఇప్పుడు చెప్పుల జత మాత్రం ఉంది. నాగమ్మగారు దాన్ని ఇంకా తీయనివ్వలేదు. ఆయనలా తప్పు ఒప్పుకోగలిగిన మరో అయ్యవారిని నేను చూడలేదు, చూస్తానన్న ఆశా లేదు.

సార్, వచ్చే శనివారం తొమ్మిదో తరగతి పిల్లలను టేకల్ గుట్టకు తీసుకెళుతున్నాను. గ్రానైటూ డోలరైటూ తాకే అంచున సుత్తితో కొట్టి, కరిగిన గుర్తు ఉందో లేదో చూస్తాం. పట్టుగూళ్లు దించేసి రత్నమ్మ కూడా వస్తానంది. ఏమీ కనిపించకపోతే కనిపించలేదనే చెబుతాను. మీరు లేరని నాకు ఏడుపు ఆగడం లేదు, అయినా వెళతాం. సంచి నేను మోస్తాను.